ఇక్కడ ఆపి ఒక ప్రశ్న

పొద్దున పాలకేంద్రానికి వెళ్తుంటే సెంటర్లో కొత్త ఫ్లెక్సీ కనిపించింది. మొన్నటిదాకా అక్కడ మిరప విత్తనాల ప్రకటన ఉండేది. దాన్ని విప్పకుండా దాని మీదే కట్టారు కాబట్టి అడుగున ఎర్రటి కాయల కొసలు ఇంకా కనిపిస్తున్నాయి. పైన మా సోషల్ మాస్టారు, మెడలో కంప్యూటర్లో వేసిన పూలదండ. "చలనచిత్ర విద్యా పితామహునికి అశ్రు నివాళి" అని పెద్ద అక్షరాలు. నివాళి అర్పించేవాళ్ళ ఫొటోలు మాత్రం ఆయన ఫొటో కంటే కాస్త పెద్దవిగానే వేసుకున్నారు.

ఆయన పోయిన సంగతి ముందురోజే తెలిసి డైరీలో రాసుకున్నాను. పితామహుడన్న సంగతి మాత్రం ఫ్లెక్సీ చూశాకే తెలిసింది. ఇన్నేళ్ళు పక్క గదిలో లెక్కలు చెప్పినవాణ్ణి, నాతో ఒక్కరైనా అనలేదు.

పుట్టిన ఊరు, చదివిన చదువు, అందుకున్న శాలువాలు ఆ ఫ్లెక్సీలోనే ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. అందులో లేని వస్తువు ఒకటుంది. అది లేకుండా ఆయన ఆయన కాదు. రిమోటు.

చొక్కా జేబులో రెండు పెన్నులు, వాటి మధ్య ప్రొజెక్టరు రిమోటు. ప్రొజెక్టరును పూర్వ విద్యార్థులు బహూకరించారు. ఎలా వాడాలో ఎవరికీ తెలియక కొంతకాలం బీరువాలో పడి ఉంటే ఆయన బయటికి తీశారు. అక్కడివరకు మెచ్చుకోవాలి. తీసిన రోజు నుంచి రిమోటు మాత్రం ఇంటికి తీసుకెళ్ళేవారు. "ఇక్కడ వదిలితే దుర్వినియోగం అవుతుందండీ" అనేవారు. ఆదివారాలు కూరగాయల బజారులో కూడా అది జేబులోనే ఉండేది. ఎవరైనా కాస్త ఎక్కువసేపు మాట్లాడితే ఆయన చెయ్యి మెల్లగా జేబు మీదికి వెళ్ళేది. ఎదుటి మనిషిని ఆపేసే బొత్తాం కూడా అందులో ఉందని ఆయన నమ్మకమేమోనని నాకు అనుమానం.

ప్రతి సినిమాకీ ముందు తెర పక్కన నిలబడి ఒక మాట చెప్పేవారు. "ఇది వినోదం కాదు, విషయం." ఆ తర్వాత దీపాలు ఆర్పించేవారు. చీకట్లో ఎవరైనా నవ్వితే మళ్ళీ దీపాలు వేయించి, ఏ విషయం తెలిసి నవ్వావో చెప్పమనేవారు. రెండుసార్లు అలా అడిగేసరికి పిల్లలు నవ్వడం మానేశారు. క్రమశిక్షణ పెరిగిందని ఆయన సంతోషించారు.

మొదటి సినిమా వేసిన రోజు నాకు బాగా గుర్తు. సైన్సు గదికి కిటికీలు ఎక్కువ. వెలుతురు రాకుండా కప్పడానికి దుప్పట్లు కొనమంటే హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదు. మా మాస్టారు ఒక రైతును అడిగి పాత గోతాలు తెప్పించారు. మా ప్రాంతంలో పాత గోతం అంటే అందులో మిరపకాయలే పోసి ఉంటారని చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఆయనకి తట్టలేదు. తలుపులు మూసి, గోతాలు దించి, పైన ఫ్యాన్లు వేసి, నదీ ప్రాజెక్టుల మీద ఒక డాక్యుమెంటరీ మొదలుపెట్టారు. ఆనకట్ట పునాది తవ్వే లోపలే గదంతా దగ్గు. హెడ్మాస్టరు గారు తలుపు తీసి చూస్తే తరగతి మొత్తం కళ్ళ వెంట ధారలు కారుస్తూ కూర్చుని ఉంది. మా మాస్టారు కూడా కళ్ళు తుడుచుకుంటూ, "చిత్రం హృదయాలను తాకిందండీ" అన్నారు. సిమెంటు పొయ్యడం చూసి ఏడ్చిన పిల్లలు బహుశా మా బడిలోనే ఉంటారు.

దగ్గు ఒక్కరోజుతో పోయింది. ఆయన అసలు పద్ధతి మాత్రం మిగిలింది. ఆపడం.

గోడకి ఇవతల నేను వర్గమూలాలు చెబుతుండేవాణ్ణి. అవతలి నుంచి ముందు సంగీతం, తర్వాత ఎవరో పరుగెత్తే చప్పుడు, అప్పుడు ఠక్కున నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఆయన గొంతు. "ఇక్కడ ఆపి ఒక ప్రశ్న." ఒకసారి వరదల సినిమా. ఒక తల్లి పిల్లాణ్ణి ఇంటి కప్పు మీదికి విసిరింది. పిల్లాడు గాలిలో ఉండగా ఆపారు. "డెల్టా అనగానేమి?" గంట కొట్టేదాకా పిల్లాడు గాలిలోనే ఉన్నాడు. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి వేశారు, పునశ్చరణ కోసం. పిల్లాడు మళ్ళీ గాలిలోకి లేచాడు, మళ్ళీ గంట కొట్టింది. మా తరగతిలో ఒకడు లెక్క మధ్యలో పెన్ను కింద పెట్టి, "సార్, వాడు పడ్డాడా, పట్టుకున్నారా?" అన్నాడు. వాడి సంగతి అలా ఉంచండి, నాకే కుదురు లేదు. స్టాఫ్ రూములో ఆయన్ని అడిగాను.

"ఇంతకీ ఆ పిల్లాడేమయ్యాడండీ?"

"ఏ పిల్లాడు?" అన్నారు ఆయన.

ఆయన నోటి నుంచి ఒక సినిమా ముగింపు నేను ఎప్పుడూ వినలేదు. ముందు కారణం తెలియలేదు. ఎడారి సినిమా వచ్చినప్పుడు తెలిసింది.

తొమ్మిదో తరగతికి ఎడారుల పాఠం. దానికి తగ్గట్టు ఎక్కడో దూరదేశపు సినిమా పెన్ డ్రైవులో సంపాదించారు. ఎవరి భాషో తెలియదు, కింద ఇంగ్లీషు అక్షరాలు. కథ చిన్నదే. ఒక ఎడారి పిల్ల పెంచుకున్న ఆడ ఒంటెను తండ్రి వ్యాపారులకి అమ్మేస్తాడు. పిల్ల ఇల్లు వదిలి ఒంటె కోసం నడుస్తుంది. నడిచి నడిచి ఒక ఎండిన బావి దగ్గరికి వస్తుంది. అక్కడ మా మాస్టారు ఆపారు. "ఇసుక తిన్నెలు ఎన్ని రకములు?"

ఆ తరగతిలో కాశింబీ అని ఒక పిల్ల ఉండేది. ఆయన ప్రశ్నలకి నిలబడి జవాబు చెప్పేది దాదాపు ఆ పిల్ల ఒక్కతే. నాయనమ్మ మస్తానమ్మ దగ్గర పెరుగుతోంది. మస్తానమ్మ మిరపకాయ కోసే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. ఎవరి తోటలో ఏ రోజు కోత, ఎవరు ఏ మొక్కల సాలు పట్టాలి, అన్నీ ఆమె చెప్పినట్టే జరుగుతాయి. కోతలు ముదిరాయంటే మా బడిలో పెద్ద తరగతులు సగం ఖాళీ. అలా వెళ్ళిన ఆడపిల్లలు పరీక్షలకి తిరిగి రారు, పరీక్ష రాయని పిల్ల మరుసటి ఏడు అసలే రాదు. ఇది మా బడిలో అందరికీ తెలిసిన వరస. ఆ ఏడాది కాశింబీ వంతు వచ్చింది. కానీ మస్తానమ్మ ఆ పిల్లని పొద్దున్నే బడికి పంపేది. ఒంటిపూట బడి అయ్యాక తోటకి వస్తే చాలనేది. ఎందుకో నాకు మా మిరపతోటలో కోతకి ఆ ముఠా వచ్చిన రోజున తెలిసింది.

కాయ కోసే చేత్తో ఎవరూ ఫోను ముట్టుకోరు. ముట్టుకుని మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే సాయంత్రం దాకా చెంప మంట. కాబట్టి అంత ఎండలో వాళ్ళకి కాలక్షేపం మనిషి గొంతే. కాశింబీ ఒక సాలు పట్టి కోస్తూ, పొద్దున చూసిన సినిమా చెప్పేది. గట్టు మీద నిలబడి నేనూ విన్నాను.

"ఒంటంటే ఎంతుంటదే? మన గేదంతా?"

"గేది మీద గేదిని నిలబెట్టినంత."

"పాలు పితకాలంటే నిచ్చెనెయ్యాలేమో."

"నువ్వు నోరు మూసుకోవే, దాన్ని చెప్పనియ్. బావి కాడికొచ్చిందా, తర్వాత?"

"తర్వాత సారు ఆపేశాడు."

"నిన్నా అక్కడే ఆపాడుగదే?"

"ఇవాళ మళ్ళీ మొదట్నించి ఏసి అక్కడే ఆపాడు. ఇసక తిన్నెలెన్ని రకాలో చెప్పమన్నాడు."

"ఎన్ని రకాలైతే ఈయనకెందుకంట, ఇల్లు కడతాడా?"

ఈ కథ కోసం పక్క ముఠాలోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మస్తానమ్మ దగ్గరికి వచ్చేశారు. కూలీలు దొరకని రోజుల్లో ముఠా పెద్దకి అంతకంటే కావలసింది లేదు. పిల్ల బడికి పోవాలి, కథ తేవాలి. మా మాస్టారికి తెలియకుండానే ఆయన సినిమా ఒక పిల్లని తరగతిలో కూర్చోబెడుతోంది.

అయితే సినిమాలోని పిల్ల బావి దగ్గర నుంచి కదలడం లేదు. వారం దాటింది. రేపు కూడా బావి దగ్గరే ఉంటే మేం మా పాత ముఠాకి పోతామని వచ్చినవాళ్ళు అనేశారు. మర్నాడు మధ్యాహ్నం కాశింబీ సినిమాను కదిలించింది. ఒంటె వ్యాపారుల తాడు తెంపుకుని వెనక్కి వచ్చింది. చూలుతో ఉంది. బావి పక్కనే ఈనింది. పుట్టిన దూడకి నీళ్ళు కావాలి కాబట్టి ఊరంతా వచ్చి ఆ బావిని ఇంకా లోతుగా తవ్వారు. నీళ్ళు పడ్డాయి. ఆ రోజు మా తోటలో కాసేపు కోత ఆగింది. నేను కూడా మాస్టారు ఇంత మంచి సినిమా ఎక్కడ పట్టారా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మస్తానమ్మ ఆయనకి కిరాణా కొట్టు దగ్గర ఎదురైంది. నేను పక్కనే ఉన్నాను.

"ఒంటె ఈనిందంటగా సారూ? జున్ను పాలు ఊళ్ళో అందరికీ పోశారా మరి?"

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. "ఏ ఒంటె?"

"మీ ఒంటేనండీ, సినిమాలోది. ఎంత బాగా చూపిచ్చారో అంట."

మర్నాడు గోడ అవతల సినిమా చప్పుడు లేదు. ఆయన గొంతే ఉంది. మా తరగతి మొత్తం పెన్నులు కింద పెట్టి వింది.

"ఒంటె ఈనిందని ఎవరు చెప్పారు?"

"నేనే సార్."

"అది చిత్రంలో ఉందా?"

"సినిమా అక్కడిదాకా రాలేద్సార్. మీరు ఆపేశారు. వాళ్ళేమో ఊరుకోవట్లేదు."

ఆయనకి కోపం వచ్చింది. విషయాన్ని వినోదం చేశారన్న కోపం. అబద్ధాన్ని ఖండించడానికి ఆ రోజే సినిమా ఆఖరిదాకా, ఎక్కడా ఆపకుండా వేస్తానని ప్రకటించారు. హెడ్మాస్టరు గారు పక్క తరగతుల్ని కూడా కలిపేశారు. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.

పిల్ల బావి దాటింది. అక్కడి నుంచి మా మాస్టారు తెర వైపు కాస్త ముందుకు వంగారు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన కూడా అది మొదటిసారే చూస్తున్నారు. పాఠానికి కావలసినంత చూసి మిగతాది వదిలేసే మనిషి. పిల్ల చివరికి ఒక సంత చేరింది. వందల ఒంటెల్లో తన ఒంటెను గుర్తుపట్టి పరుగెత్తింది. ఒంటె తల తిప్పి చూసింది. దానికి ఆ పిల్ల ఎవరో తెలియలేదు. మళ్ళీ మేత మేసుకుంది. పిల్ల కాసేపు నిలబడి, వచ్చిన దారినే తిరిగి నడిచింది. తర్వాత చాలాసేపు ఇసుక, గాలి. అయిపోయింది.

దీపాలు వేశారు. అంతమంది పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. ఆయన లేచారు. ఏదో చెప్పాలి. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "కాబట్టి ఎడారులలో వర్షపాతం తక్కువ" అన్నారు.

అక్కడితో వదిలేసినా బాగుండేది. కాశింబీని నిలబెట్టి, "ఇవాళ వెళ్ళి వాళ్ళకి నిజం చెప్పు. తప్పు ప్రచారం చేశానని చెప్పు" అని ఆజ్ఞాపించారు. ఆ పిల్ల పెద్దవాళ్ళు చెప్పింది చేసే పిల్ల. మధ్యాహ్నం మా తోటలోనే చెప్పింది.

"గుర్తు పట్టలేదా?" అంది మస్తానమ్మ.

"లేదు నాయనమ్మా."

"అంత దూరం నడిచి పోయింది గదే."

"పోయింది. అయినా పట్టలేదు."

"మరి ఈనిందన్నావ్."

"అది నేను కల్పిచ్చి చెప్పా."

మస్తానమ్మ ఒడిలోని కాయలు గోతంలో గుమ్మరించింది. తర్వాత, "ఈ మాట చెప్పిచ్చడానికా మీ సారు నిన్ను ఇటు పంపిచ్చింది? కడుపులో ఇంత పెట్టుకుని మేం కాయలు కొయ్యాలా? చాల్లే బడి. రేపట్నించి పొద్దున్నే సాలు పట్టు" అంది. మిగతా ఆడవాళ్ళలో ఒక్కరూ పిల్ల తరఫున మాట్లాడలేదు.

ఆ వారమంతా కాశింబీ బడికి రాలేదు. వార్షిక పరీక్షలు దగ్గర పడ్డాయి. గోడ అవతల ఆయన "ఇక్కడ ఆపి ఒక ప్రశ్న" అనేవారు. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అలాగే సాగేది, జవాబు ఉండేది కాదు. చివరికి జవాబు కూడా ఆయనే చెప్పుకునేవారు. ఒకరోజు స్టాఫ్ రూములో నా కుర్చీ పక్కకి వచ్చారు.

"మీ తోటలోనే కదండీ కోత?"

"అవును."

"నన్ను ఒకసారి బండి మీద తీసుకెళ్తారా? ఆ పిల్ల లేకపోతే తరగతికి స్పందన లేదు."

పిల్ల చదువు పోతుందని ఆయన అనలేదు. స్పందన లేదన్నారు. అయినా తీసుకెళ్ళాను.

బూట్లతో నేరుగా సాళ్ళ మధ్యలోకి నడిచారు. "సారూ, మొక్కలు, మొక్కలు" అని నలుగురు ఒకేసారి అరిచారు. గట్టెక్కి నిలబడి గొంతు సవరించుకున్నారు. బతిమాలతారనుకున్నాను. ఆయన కొత్త సినిమా మొదలుపెట్టారు.

"అమ్మా, అందరికీ నమస్కారం. ఇవాళ మీకొక చిత్రం పరిచయం చేస్తాను. ఇది వినోదం కాదు, విషయం."

"అయితే కోసుకుంటా వినొచ్చా?" అంది ఒకామె.

"వినవచ్చు. ముందుగా దీపస్తంభం అనగానేమి?"

ఎవరూ తల ఎత్తలేదు.

"మనకి దగ్గర్లో సముద్రం ఎక్కడ ఉంది? చీరాల వైపు ఎవరైనా వెళ్ళారా?"

"మా చెల్లెల్ని వేటపాలెం ఇచ్చాం. జీడిపప్పు వలిచిద్ది."

"జీడిపప్పు కాదమ్మా, దీపస్తంభం. సముద్రంలో ఓడలకి దారి చూపేది. అందులో ఒక కాపలాదారు, భార్య, ఒక కూతురు నివసిస్తుంటారు."

"నీళ్ళ మధ్యలోనా? ఆ పిల్ల బడికెట్టా పోద్ది?"

"అది చిత్రంలో చూపించలేదు."

"బియ్యం ఎవురు తెచ్చిస్తారు?"

"పడవలో వస్తాయి. ఒకరోజు పడవ రాలేదు."

అప్పుడు తలలు లేచాయి. ఒక సాలు పొడవునా చేతులు ఆగాయి. కాశింబీ కూడా ఆగింది. పడవ రాలేదు, ఇంట్లో బియ్యం లేవు, చుట్టూ సముద్రం. నాకు కూడా తెలుసుకోవాలనిపించింది.

"ఇక్కడ ఆపి ఒక ప్రశ్న" అన్నారు మాస్టారు. "తుఫాను ఎట్లు ఏర్పడును?"

తోటంతా ఒక్కసారి మూలిగింది. మస్తానమ్మ నడుం నిటారుగా చేసి, తలగుడ్డ సవరించుకుని ఆయన వైపు చూసింది.

"ఇదిగో సారూ. చదువుకున్నోరు, మిమ్మల్ని అనకూడదు. పడవేమైందో చెప్పి కదలండి."

"అది తర్వాత వస్తుందమ్మా."

"ఎన్నాళ్ళకి?"

"పాఠాన్ని బట్టి ఉంటుంది."

"రేపు మళ్ళీ వస్తారా చెప్పడానికి?"

"తప్పకుండా. రోజూ వస్తాను. పునశ్చరణ కూడా చేద్దాం."

మస్తానమ్మ మనవరాలి వైపు తిరిగింది. "ఒసేయ్, రేపు బడికి పో."

"నువ్వే వద్దన్నావుగా."

"అన్నా. ఇప్పుడు పొమ్మంటున్నా. పోయి ఆ పడవ సంగతి చూసి నువ్వొచ్చి చెప్పు. పరీక్షలు కూడా రాసెయ్. ఈయన్ని మాత్రం గట్టు మీదికి రానివ్వబాక."

"ఈ మాట వారం ముందంటే మనకీ బాధ ఉండేది కాదుగా అత్తా" అంది వెనక సాలులో ఒకామె. అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు, మర్యాదగా. ఏ విషయం తెలిసి నవ్వారో నేను అడగలేదు.

తిరుగు దారిలో బండి వెనక నుంచి, "చూశారా మాస్టారూ, దీన్నే కథనం అంటారు" అన్నారు. గాలి హోరులో వినపడనట్టు నేను ఊరుకున్నాను. మర్నాటికి స్టాఫ్ రూములో అది ఒక పద్ధతి అయింది. నెల తిరిగేసరికి దాని మీద ఆయన గుంటూరులో ఉపాధ్యాయుల సమావేశంలో ప్రసంగించి వచ్చారు. ఒక శాలువా అప్పటిదే.

కానీ ఆ మర్నాటి ఉదయం సంగతి ఆయన ఏ సమావేశంలోనూ చెప్పినట్టు లేదు. బెల్లు కొట్టకముందే కాశింబీ వచ్చింది. సైన్సు గది గుమ్మంలో ఆయన ప్రొజెక్టరు తీగలు విప్పుతుంటే ఎదురుగా నిలబడింది. నేను వరండాలో నడుస్తున్నాను.

"సార్, ఇవాళ పడవ సినిమా ఎక్కడ ఆపుతారు?"

"ఎందుకు?"

"ముందే చెప్తే మిగతాది నేను ఆలోచించుకుంటాను."

మాస్టారు తీగలు వదిలేసి ఆ పిల్ల మొహంలోకి చూశారు. ఇది దుర్వినియోగమా, స్పందనా అని తేల్చుకుంటున్నట్టు చాలాసేపు చూశారు. చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్ళి, ఖాళీగా కిందికి దిగింది.

"నీకెక్కడ ఆపితే బాగుంటుంది?" అన్నారు.

గోడకి ఇవతల కూర్చుని ఆయన ప్రశ్నలు ఎన్ని విన్నానో లెక్క లేదు. జవాబు ముందే తెలియకుండా ఆయన అడిగిన ప్రశ్న నేను విన్నది అదొక్కటే.